జనవరి 19 దగ్గర ఆగిన డైరీ

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది వరంగల్ కాశిబుగ్గ. బీకాం చదివి ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక ఆడ్తిలో (కమీషన్ దుకాణంలో) లెక్కలు రాస్తున్నాను. జీతం 18 వేలు. జనవరి 1న కొత్త డైరీలో నాలుగు లక్ష్యాలు రాసుకున్నాను: గ్రూప్-2కు చదవాలి, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ పూర్తిగా నేర్చుకోవాలి, ఇంగ్లిష్ మాట్లాడాలి, లక్ష రూపాయలు వెనకేయాలి. జనవరి 19 తర్వాత అందులో ఒక్క అక్షరం రాయలేదు. మొన్న చూస్తే మా ఆవిడ అందులో పాల లెక్క రాసుకుంటోంది. ఇదేంటంటే, "ఖాళీగనే ఉంది గదా" అంది. మా మేనమామ కనిపించినప్పుడల్లా "గుమస్తాగిరి ఎన్నేండ్లు చేస్తవ్‌రా, గ్రూప్స్ కొట్టు" అంటాడు. బామ్మర్దికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి అతను వస్తున్నాడంటేనే నాకు టెన్షన్. జూలై వచ్చేసింది. ఏ పనీ చివరిదాకా చేయలేని మనిషినేమో అనిపిస్తోంది. పొద్దున లేవబుద్ధి కావడం లేదు. మిగిలిన ఆరు నెలల్లో ఏమైనా చేయగలనా?

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలు. చోటు సరిపోక పైన కుదించాను. కుదించేటప్పుడు తీసేసిన ఒక పేరా ఉంది, దాని గురించే ఎక్కువ చెప్పాలి. ముందు డైరీ సంగతి చూద్దాం.

జనవరి 19 అని చదవగానే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మార్కెట్లో పనిచేసే మీకు నేను చెప్పేదేముంది? సంక్రాంతి దాటితే మిర్చి దిగుతుంది. పత్తి ఇంకా తగ్గనేలేదు, అప్పటికే ఎర్ర బస్తాలు యార్డంతా పరుచుకుంటాయి. పొద్దున జెండాపాట (ధర తేల్చే వేలం), ఆపైన కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు), హమాలీల లెక్కలు, డబ్బుల కోసం కూర్చున్న రైతులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి తొమ్మిదికి ముందు ఇంటికొచ్చిన రోజు లేదని మీరే రాశారు. అలాంటి మనిషి నాలుగు కొత్త పనులు మొదలుపెట్టడానికి జనవరి 1 కన్నా చెడ్డ రోజు వెతికినా దొరకదు. ఉగాదికి మొదలుపెట్టినా ఇదే అయ్యేది, అది మిర్చి సీజన్ నడిమధ్యన పడుతుంది. పందొమ్మిది రోజులు రాశారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది.

మీ పనికి ఏడాది మొదలయ్యేది జూన్‌లో. అప్పటినుంచి దసరా దాకా అన్‌సీజన్. సాయంత్రం అయిదింటికే షాపు కట్టేస్తున్నారని, ఆరింటికల్లా ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నానని కూడా రాశారు. అంటే మీరు పోగొట్టుకున్నది ఆరు నెలలు కాదు, నెలన్నర. మళ్లీ కొత్త పత్తి వచ్చేలోగా పది పన్నెండు వారాలు మీ చేతిలో ఉన్నాయి. "మిగిలిన ఆరు నెలలు" అనే లెక్క కూడా పక్కన పెట్టండి, అక్టోబర్ తర్వాతి రోజులు మీవి కావు, సేటువి.

ఇప్పుడు ఆ తీసేసిన పేరా. మీ సేటు జీఎస్టీ రిటర్న్‌లు వేసిపెట్టే ఆడిటర్ ఆఫీసు వాళ్లు పంపిన కాగితాల్లో ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కింది. బిల్లు నెంబరులో ఒకచోట అడ్డగీత ఉంది, ఇంకోచోట లేదు, అంతే తేడా. అది మీరు కనిపెట్టారు. ఆ రోజు అన్నం కూడా తినకుండా పాత నెలల కాగితాలన్నీ తీసి చూశారు. ఇది మీరు గొప్ప కోసం రాయలేదు, ఇంటికి ఆలస్యంగా వెళ్లి ఆవిడతో గొడవైందని చెప్పడానికి రాశారు. నాలుగు పేజీల్లో మీ చెయ్యి హుషారుగా నడిచింది అక్కడొక్కచోటే. గ్రూప్-2 గురించి రాసినదాంట్లో మీ మేనమామ మాటలు తప్ప మీ మాట ఒక్కటీ నాకు కనిపించలేదు.

గ్రూప్-2 చెడ్డదని కాదు. దాని తీరు చూడండి. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు నోటిఫికేషన్ పడితే, అయిదున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. పలుసార్లు వాయిదాపడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. నాలుగు పేపర్లు, 600 మార్కులు. హన్మకొండ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీలో బ్యాగు పెట్టి సీటు ఆపుకుని టిఫిన్‌కు పోయే పిల్లలు ఆ రెండేళ్లూ అదే పనిగా చదివారు. తేదీ మన చేతిలో లేని దాన్ని "ఈ ఏడాది లక్ష్యం" అని రాసుకుంటే ఏడాది చివర మిగిలేది తిట్టుకోవడమే. అయినా ఒక పరీక్ష పెట్టుకోండి. గడిచిన నెలలో, ఎవరూ అడగకుండా, పాలిటీ పుస్తకం ఎన్నిసార్లు తెరిచారు? ఒక్కసారీ లేదంటే అది మీ కోరిక కాదు, మామయ్య కోరిక. దాన్ని ఆయనకే వదిలేయండి. ఇంగ్లిష్‌ను ఈ ఏడాదికి కొట్టేయండి, సిగ్గుపడాల్సింది లేదు. జూన్‌లోనే పాప ఫీజు కట్టిన ఇంట్లో 18 వేల జీతంతో లక్ష వెనకేయడం ఎలాగో నాకైతే తెలియదు.

మిగిలింది ఒక్కటే, జీఎస్టీ. బీకాం చదివినవాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే వ్యాపారుల తరఫున రిటర్న్‌లు వేసే మనిషిగా, నమోదు చేసుకోవచ్చు, దానికి జీఎస్టీ పోర్టల్‌లో పీసీటీ-01 అనే ఫారం ఉంటుంది. ఆ నమోదు నిలవాలంటే పరీక్ష పాస్ కావాలని నిబంధనల్లో ఉంది కాబట్టి చదువు ఎటూ తప్పదు. కానీ అక్కడికి ఇప్పుడే పోవద్దు. నెలనెలా రిటర్న్‌లు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-త్రీబీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు 20. అంటే మీరు పెట్టుకోకపోయినా నెలకు రెండుసార్లు గడువు దానంతటదే వచ్చిపడుతుంది. సొంతంగా పెట్టుకున్న గడువును ఎవరైనా దాటేస్తారు, నేనూ దాటేస్తాను. ఇది దాటితే ఆలస్య రుసుము పడుతుంది, సేటు అరుస్తాడు.

సేటును ఇలా అడగండి: "సేట్, ఆడిటర్ ఆఫీసుకు పంపే ముందు నేను గూడ ఒకసారి లెక్కేసి చూస్త." జీతం పెంచమని ఇప్పుడే అడగొద్దు, అదొక్కటే అడగండి. రెండుసార్లు ఎక్కిన బిల్లు పట్టుకున్న మనిషిని ఏ వ్యాపారీ కాదనడు. షాపు కట్టేశాక ఆ కుర్చీలోనే నలభై నిమిషాలు కూర్చుని రిటర్న్ మొత్తం కాగితం మీద మీ చేత్తో వేయండి. తర్వాత ఆడిటర్ వాళ్లు వేసినదాంతో పోల్చి, తేడా ఎక్కడొచ్చిందో చూడండి. ఇంటికెళ్లాక చేద్దామనుకోవద్దు. ఇంట్లో పాప ఉంటుంది, ఫోన్ ఉంటుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో బాగా పేరున్నది. ఏం చేస్తాననేదే కాకుండా ఎప్పుడు, ఎక్కడ చేస్తానో కూడా ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని ఆయన చూపించాడు. మీ "ఎక్కడ" ఆ కుర్చీ, మీ "ఎప్పుడు" షట్టర్ సగం దించిన నిమిషం.

కోచింగ్‌కు డబ్బు కట్టకండి, ఇప్పుడైతే వద్దు. ట్యాలీని ఎడ్యుకేషన్ మోడ్‌లో ఉచితంగానే వాడుకోవచ్చు. అందులో నెలకు 1, 2, 31 తేదీల ఎంట్రీలే వేయనిస్తుంది, సాధనకు అది చాలు.

దసరా దాటాక ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోవాలి. చాలామంది లక్ష్యాలు చెడేది ఇక్కడే. మధ్యలో ఆపడమే తప్పన్నట్టు ముక్కుతూ లాగుతారు, ఒకరోజు తెగిపోతుంది, ఇక ఆ పుస్తకం ముఖం చూడరు. మీరు మాత్రం ఆపే తేదీ ముందే రాసుకోండి. కొత్త పత్తి మొదటి బండ్లు యార్డులోకి వచ్చిన రోజు ఆ నలభై నిమిషాలు ఆగిపోతాయి. ఆ తర్వాత నెలకు రెండే రెండు సాయంత్రాలు, 11కు ముందు ఒకటి, 20కి ముందు ఒకటి. మిర్చి వేడి తగ్గాక, జూన్‌లో, మళ్లీ పూర్తిగా కూర్చోవాలి. ఆ తేదీ కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. పీసీటీ-01 ఫారం సంగతి అప్పుడు చూద్దాం.

ఇక ఇంట్లోవాళ్లు. మీ ఆవిడ మాట మీకు గుచ్చుకుంది, తెలుస్తోంది. నేను మాత్రం అందులో ఎగతాళి చూడలేకపోతున్నాను. ప్రైవేట్ స్కూల్లో చెప్పి వచ్చి, పాల లెక్క, ఫీజు లెక్క చూసుకునే మనిషికి ఖాళీ కాగితం కనిపించింది, వాడుకుంది. ఈ నాలుగు లక్ష్యాల గురించి మీరు ఆమెకు ఒక్కసారైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఈ ఆదివారం చెప్పండి. రోజూ ఇంటికి నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తాననే సంగతి కూడా అప్పుడే చెప్పండి, లేకపోతే మళ్లీ ఆ బిల్లు రోజు గొడవే. మామయ్య ఈసారి అంటే "ఇప్పుడైతే జీఎస్టీ పని నేర్చుకుంటున్న మామా" అని ఊరుకోండి. పెద్దాయనతో వాదన ఎందుకు. బామ్మర్దితో పోలికైతే నేను తీయగలిగింది కాదు, దసరాకు వస్తాడు, నాలుగు రోజులుండి పోతాడు.

ఒక్క మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. పొద్దున లేవబుద్ధి కావడం లేదన్నారు. అలసటతోనా, లేక అన్నం, నిద్ర, పాపతో ఆటలు, ఏదీ రుచించకుండా పోయిందా? రెండు వారాలకు పైగా అలాగే ఉంటే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి, ముందు మానసిక వైద్యుల్ని కలవండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు మాట్లాడతారు, ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డైరీని మీ ఆవిడకే వదిలేయండి, పాల లెక్కకు బాగా పనికొస్తోంది. ఆడ్తి గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి నెల 11, 20 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీయండి. ఆగస్టు 20 దాటాక నాకు మళ్లీ రాయండి. మీ లెక్కకూ ఆడిటర్ వాళ్ల లెక్కకూ ఎంత తేడా వచ్చిందో రూపాయలతో సహా చెప్పండి.