అన్నదమ్ముల పోటీ, నిచ్చెన పోటీ: 1994 నాటి రెజిల్‌మేనియాపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చిన్నప్పుడు మా వీధిలో కేబుల్ కనెక్షన్ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో, నేనూ మా అన్నయ్యా కింద కూర్చుని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా సంస్థ కుస్తీలు చూసేవాళ్లం. ఈ మధ్య ఆ సంస్థ ఏటా జరిపే పెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియాలో పదోదాన్ని, 1994లో జరిగినదాన్ని, మొదటి నుంచి చివరి దాకా చూశాను. అందరూ నిచ్చెన పోటీనే మెచ్చుకుంటున్నారు గానీ, నా మనసు మాత్రం ఆరంభంలో జరిగిన అన్నదమ్ముల పోటీ దగ్గరే ఆగిపోయింది. గెలుపోటములు ముందే నిర్ణయమైన పోటీలను ఏ కొలబద్దతో సమీక్షించాలి? ఒక్కొక్క పోటీ మీద మీ అభిప్రాయం తెలియజేయగలరు.
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: మీ మనసు ఆగిన చోటే నా మనసూ ఆగింది. మీ ఉత్తరం అందిన తర్వాత ఆ ప్రదర్శనను రెండు రాత్రులు కూర్చుని మళ్లీ చూశాను. ఎవరు గెలుస్తారన్నది ముందే నిర్ణయమైనప్పుడు, గెలుపు ఎలా వచ్చిందన్నదే మనం చూడవలసిన విషయం. రింగులో వేసే ప్రతి పట్టుకూ అంతకు ముందు జరిగినదానిలో ఒక కారణం ఉండాలి. ఓడినవాడు ఎందుకు ఓడాడో, ఆ పోటీ చూడనివారికి కూడా మనం రెండు మాటల్లో చెప్పగలగాలి. నేను వాడే కొలబద్ద ఇదే.

ముందు సందర్భం చెబుతాను. ఆ ప్రదర్శన 1994 మార్చి 20న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. అంతకు రెండు నెలల ముందు, తాడు పైనుంచి బయట పడినవారు తప్పుకుంటూ చివరికి మిగిలినవాడు గెలిచే రాయల్ రంబుల్ పోటీలో, ఆఖరున మిగిలిన బ్రెట్ హార్ట్, లెక్స్ లూగర్ ఒకే క్షణంలో రింగు బయట నేలను తాకడంతో ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. ఛాంపియన్ యోకోజునాతో తలపడే అవకాశం ఇద్దరికీ దక్కింది. నాణెం ఎగరవేస్తే ముందుగా తలపడే వంతు లూగర్‌కు వచ్చింది. లూగర్, యోకోజునాలలో నెగ్గినవారితో రాత్రి చివర్లో పోటీ పడవలసిన బ్రెట్, ఆలోగా తన తమ్ముడు ఓవెన్‌తో ఒక పోటీ ఆడాలి. ఆ రాయల్ రంబుల్ రాత్రే, అన్నతో జంటగా ఆడిన పోటీలో ఓడిపోయిన కోపంతో, ఓవెన్ గాయపడిన అన్న కాలిని తన్నాడు. అన్న నీడలో తాను ఎదగలేకపోతున్నానన్నది అతని బాధ. పన్నెండు మంది సంతానంలో ఓవెన్ ఆఖరివాడు. ఆ రాత్రికి అతని వయసు 28, బ్రెట్ వయసు 36.

ఈ అన్నదమ్ముల పోటీ 20 నిమిషాలు సాగింది. మొదటి నిమిషాల్లో ఓవెన్ ఒక పట్టు విడిపించుకోగానే, పోటీయే గెలిచినట్టు చేతులు పైకెత్తి సంబరం చేసుకుంటాడు. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అన్న మీద ఏ చిన్న ఆధిక్యం దొరికినా దానికోసం ఎంతకాలంగా ఆకలిగా ఉన్నాడో ఆ చేతులే చెబుతాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నట్టు, అన్న నేర్చిన పట్లన్నీ తమ్ముడికీ వచ్చు. కెనడాలోని క్యాల్గరీ నగరంలో, తమ ఇంటి కింద, తండ్రి స్టూ హార్ట్ ఏర్పాటు చేసుకున్న నేలమాళిగలోనే ఇద్దరూ కుస్తీ నేర్చారు. తర్వాత రింగు బయట ఉన్న తమ్ముడి మీదికి తాడు పైనుంచి దూకినప్పుడు బ్రెట్ మోకాలు దెబ్బతింటుంది. అక్కడి నుంచి ఓవెన్ ఆ కాలినే పట్టుకుని వదలడు; చివరకు కాళ్లను మెలిపెట్టి బోర్లా తిప్పే, అన్నకు పేరు తెచ్చిన షార్ప్‌షూటర్ పట్టును అన్నకే వేస్తాడు. తమ్ముడు తన పట్టును తనకే వేయడంలోని అవమానం, ఆ పట్టు విడిపించుకునేటప్పుడు బ్రెట్ ముఖంలో నొప్పితో సమానంగా కనిపిస్తుంది.

ముగింపును మాత్రం నేను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూశాను. రింగు మూలలో బ్రెట్ తమ్ముడి భుజాల మీదికెక్కి, ముందుకు దొర్లి అతడిని పడగొట్టాలని చూస్తాడు. ఓవెన్ పడిపోవడానికి బదులు అదే ఊపులో కిందికి కూర్చుని, అన్న కాళ్లను బిగించి పట్టి, భుజాలు నేలకు ఆనిన అన్న మీద తన బరువంతా వేస్తాడు. రెఫరీ చేయి మూడుసార్లు నేలను తాకుతుంది. మోసం లేదు, బయటివారి సాయం లేదు, అన్న ఎత్తుకు తమ్ముడు పైఎత్తు వేశాడు, అంతే. తమ్ముడు అన్న చాటు మనిషి కాడని జనం ఒప్పుకోవాలంటే గెలుపు ఇలాగే రావాలి. ఆ తర్వాత నెలల తరబడి సాగిన వైరానికి ఈ ఒక్క ముగింపే పునాది అయింది.

మధ్యలో వచ్చిన పోటీల గురించి ఎక్కువ రాయవలసింది లేదు. బ్యామ్ బ్యామ్ బిగెలో, లూనా వచోన్ జంట విదూషకుడు డోయింక్ జంటను ఓడించింది. అది పిల్లల కోసం పెట్టిన వినోదం. ర్యాండీ సావేజ్, క్రష్‌ల పోటీలో, ఎక్కడ పిన్ చేసినా (అంటే ప్రత్యర్థి భుజాలను మూడు లెక్కించేదాకా నేలకు ఆనించి ఉంచినా) చెల్లుతుందనీ, పిన్ అయినవాడు 60 సెకన్లలో రింగులోకి తిరిగి రాకపోతే ఓడినట్టేననీ నియమం పెట్టారు. ఈ నియమం వల్ల ఊపు తరచూ తెగిపోయింది గానీ, క్రష్‌ను తెర వెనుక తలకిందులుగా వేలాడదీసి సావేజ్ రింగుకు పరిగెత్తే దృశ్యం గుర్తుండిపోతుంది. ఎర్త్‌క్వేక్ ఆడమ్ బాంబ్‌ను 35 సెకన్లలో ముగించాడు. జంటల టైటిల్ పోటీలో ఛాంపియన్ జంట క్యుబెకర్స్, రింగు బయట ఉండగానే రెఫరీ లెక్క పూర్తయి ఓడినా, బెల్టులు మాత్రం వారి దగ్గరే ఉండిపోయాయి. ఇటువంటి ముగింపు టికెట్ కొన్నవారికి అన్యాయమని నా అభిప్రాయం.

అలుండ్రా బ్లేజ్, లెయిలానీ కాయ్‌ల పోటీ విషయంలో నాకు నిజంగా బాధ కలిగింది. 1985లో జరిగిన మొట్టమొదటి రెజిల్‌మేనియాకు ఛాంపియన్‌గా వచ్చిన మహిళ కాయ్. పదో ఏట ఆమెను మళ్లీ పిలిచి, మూడు నిమిషాల పైచిలుకు సమయంలోనే పోటీ ముగించేశారు. మరో ఐదు నిమిషాలు ఇచ్చి ఉంటే ఆ ఇద్దరూ ఏం చేయగలరో జనం చూసేవారు.

లూగర్, యోకోజునాల పోటీ ఆ రాత్రికి తలనొప్పి. యోకోజునా లూగర్ మెడ నరాన్ని నొక్కిపట్టి నిమిషాల తరబడి ఉండిపోవడంతో జనం నీరసించిపోయారు. ప్రత్యేక రెఫరీగా వచ్చిన మిస్టర్ పర్ఫెక్ట్, లూగర్ పిన్ చేసిన సమయంలో లెక్కపెట్టక అటు తిరిగాడు. కోపంతో లూగర్ అతన్ని తోసేసరికి అనర్హుడయ్యాడు. ఇక్కడ లూగర్ ఎందుకు ఓడాడని అడిగితే, రెఫరీకి అతనంటే పడదనే చెప్పాలి. కుస్తీలో అది అసలు జవాబే కాదు.

ఇక నిచ్చెన పోటీ. షాన్ మైకేల్స్ నుంచి 1993లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ (ఆ సంస్థలో రెండో స్థాయి టైటిల్) తీసేశారు, కానీ అతను తాను రింగులో ఓడలేదంటూ పాత బెల్టుతోనే తిరిగి వచ్చాడు. ఈలోగా కొత్త ఛాంపియన్ రేజర్ రామోన్. రెండు బెల్టులనూ రింగు పైన వేలాడదీశారు, నిచ్చెన ఎక్కి అందుకున్నవాడిదే గెలుపు. 18 నిమిషాలకు పైగా సాగిన ఈ పోటీకి కుస్తీ విమర్శకుడు డేవ్ మెల్ట్‌జర్ ఐదు నక్షత్రాలు ఇచ్చాడు, ఇవ్వదగిన పోటీయే. మైకేల్స్ నిచ్చెన పైనుంచి ప్రత్యర్థి మీదికి దూకిన దృశ్యాన్ని ఇప్పటికీ యువకులు అనుకరిస్తున్నారు. అయినా నాకు నచ్చినది ముగింపే: మైకేల్స్ కాలు తాళ్లలో చిక్కుకుని, విడిపించుకోవడానికి గింజుకుంటుండగా, రామోన్ ఒక్కొక్క మెట్టే ఎక్కి రెండు బెల్టులనూ అందుకుంటాడు. ఇదే పద్ధతి పోటీని క్యాల్గరీలో స్టూ హార్ట్ సంస్థలో 1972లోనే ఆడారు. దాన్ని డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లోకి తెచ్చినవాడు బ్రెట్, 1992లో మైకేల్స్‌తో ఆడినవాడూ బ్రెట్టే. కాబట్టి ఆ రాత్రి మెప్పు పొందిన నిచ్చెన కూడా హార్ట్ ఇంటి నుంచి వచ్చిందే.

అయితే ఈ రెండింటిలో నేను అన్నదమ్ముల పోటీకే పెద్దపీట వేస్తాను. నిచ్చెన పోటీలో మన ఊపిరి బిగబట్టించేది ఎత్తు. నిచ్చెన తీసేస్తే సగం పోటీ పోతుంది. మొదటి పోటీలో తీసేయడానికి వస్తువేదీ లేదు, ఇద్దరు మనుషులూ ఒక పాత లెక్కా మాత్రమే ఉన్నాయి.

చివరి పోటీలో బ్రెట్ కుంటుతూ రింగులోకి వచ్చాడు. రాత్రి మొదట తగిలిన మోకాలి దెబ్బ రాత్రి చివరిదాకా ఉందన్నమాట. ఇంత శ్రద్ధ నేటి ప్రదర్శనల్లో అరుదుగా చూస్తున్నాను. 500 పౌండ్లకు పైబడిన యోకోజునా, పడి ఉన్న బ్రెట్ మీదికి దూకి కూర్చోవడానికి రెండో తాడు ఎక్కి, పట్టుతప్పి వెనక్కి పడ్డాడు. బ్రెట్ వెంటనే అతని కాలు పట్టి పిన్ చేశాడు. తోటి వస్తాదులు వచ్చి కొత్త ఛాంపియన్‌ను భుజాలకెత్తుకుంటారు. అప్పుడు నడకదారి మీదికి ఓవెన్ వచ్చి, ఏమీ చేయకుండా, అన్ననే చూస్తూ నిలబడతాడు. ఆ రాత్రి మొదట గెలిచినవాడు తానేనని అనుకోదగిన హక్కు అతనికుంది, జేజేలు మాత్రం అన్నకు.

ప్రశ్న: మా వారు ఇదంతా నటన అంటారు, మా అబ్బాయేమో నిజంగా దెబ్బలు తగులుతాయంటాడు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఇద్దరి మాటా సరైనదేనమ్మా. పన్నులు, క్రీడా నియంత్రణల భారం తగ్గించుకోవడానికి 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారే న్యూజెర్సీ సెనేట్ ఎదుట ఇది వినోదమని ఒప్పుకున్నారు; గెలుపోటముల నిర్ణయం ముందే జరుగుతుంది. కానీ రింగు మెత్తని పరుపు కాదు. ఉక్కు దూలాల మీద చెక్క పలకలు పరిచి, వాటి మీద పలుచని స్పాంజ్ వేసి, పైన కాన్వాస్ బిగిస్తారు. పడేవాడు గడ్డాన్ని గుండెకు ఆనించి, తల వెనుక భాగం తగలకుండా, వీపంతా ఒకేసారి ఆనేలా పడతాడు. దెబ్బ ఒకచోట కాకుండా వీపంతటా పంచుకుపోయేలా ఏళ్ల తరబడి సాధన చేస్తాడు. నిచ్చెన అసలైన లోహపు నిచ్చెనే. నొప్పిని ఎక్కువ చేసి చూపడం నటన, నొప్పి మాత్రం నటన కాదు. దయచేసి పిల్లవాడిని ఇంట్లో మంచం మీది నుంచి తమ్ముళ్ల మీదికి దూకనివ్వకండి.

ప్రశ్న: మా దగ్గర పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఇంకా ఉన్నాయి. వాటిలోని ర్యాంకులను బట్టి వస్తాదుల గొప్పతనాన్ని అంచనా వేయవచ్చా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: వేయలేము. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అడిగి ప్రత్యర్థి కార్డును లాక్కునే ఆట అది, అందులో బరువు అడిగితే యోకోజునా కార్డు ఉన్నవాడిదే గెలుపు. పైన రాసిన చివరి పోటీలో అతన్ని ఓడించినది ఆ బరువేనని గమనించండి. కార్డులను మాత్రం భద్రంగా దాచుకోండి.

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉన్న కోడి రామమూర్తి నాయుడు గారి వంటి మహాబలులు నడిచిన ఈ నేల మీద, ముందే రాసుకున్న కుస్తీని మెచ్చుకోవడం తగునా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అక్కయ్యపాలెం

జవాబు: మీ ఆవేదన నాకు అర్థమవుతోంది మాస్టారూ. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న ఆ మహనీయుడు ఇనుప గొలుసులు తెంచాడు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. అందులో ముందే కుదుర్చుకోవడానికి ఏమీ లేదు. ఆయన బలాన్ని బలంతోనే తూచాలి. తాలింఖానాలో జరిగే కుస్తీని పాయింట్లతో తూచాలి. నేను రాసినది మూడో రకం, దాన్ని నాటకాన్ని తూచినట్టు తూచాను. కీచకుడు చస్తాడని తెలిసే మన పెద్దలు తెల్లవారే దాకా వీధి నాటకం ముందు కూర్చున్నారు, భీముడి పాత్రధారి బాగా ఆడకపోతే మర్నాడు రచ్చబండ దగ్గర నిష్కర్షగా విమర్శించారు కూడా. ఈ మెప్పు వల్ల నాయుడు గారి ఘనతకు ఏ లోటూ రాదు.

ప్రశ్న: ఆ అన్నదమ్ముల కథ తర్వాత ఏమైంది? ఏ పోటీలు చూడాలి?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: మూడు చూడండి. అదే ఏడాది జూన్‌లో ఓవెన్ కింగ్ ఆఫ్ ది రింగ్ టోర్నమెంట్ గెలిచి తానే రాజునన్నాడు. ఆగస్టు 29న షికాగోలో, సమ్మర్‌స్లామ్ ప్రదర్శనలో, ఇద్దరూ ఉక్కు బోను లోపల 32 నిమిషాలకు పైగా పోరాడారు. ఓవెన్ కాలు బోను ఊచల్లో చిక్కుకోగా బ్రెట్ ముందుగా నేలకు దిగి గెలిచాడు. నవంబరులో శాన్ ఆంటోనియోలో జరిగిన సర్వైవర్ సిరీస్ పోటీ మాత్రం గుండె రాయి చేసుకుని చూడవలసినది. బ్రెట్ ప్రత్యర్థి బాబ్ బ్యాక్‌లండ్, అతని పక్షాన నిలబడినవాడు ఓవెన్. ఎవరి పక్షం వారు తువ్వాలు విసిరితే ఆ వస్తాదు ఓడినట్టు. బ్రెట్ పట్టులో చిక్కుకుని విలవిలలాడుతుంటే, ఓవెన్ ప్రేక్షకుల్లో ఉన్న తల్లి హెలెన్ దగ్గరికి వెళ్లి, అన్న చచ్చిపోతాడమ్మా అన్నట్టు కన్నీళ్లతో బతిమాలుతాడు. తండ్రి స్టూ వద్దని అడ్డుపడతాడు. ఆ తల్లి చాలాసేపు తటపటాయించి చివరకు తువ్వాలు విసురుతుంది. విసిరిన మరుక్షణం ఓవెన్ కన్నీళ్లు ఆగిపోతాయి, గెంతుతూ లోపలికి పరుగు తీస్తాడు.