కొత్త మడి చేతికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండి. మా అపార్ట్‌మెంట్ వాళ్లం పదిమందిమి కలిసి ఆనందపురం దాటాక ఒకాయన పొలంలో కొంత కౌలుకి తీసుకుని తలా 3 సెంట్లు పంచుకున్నాం, కూరగాయలు పండించుకుందామని. నా వాటా ఈ మే నెలలోనే చేతికొచ్చింది. ఎర్రనేల, రెండేళ్లుగా బీడు, నిండా తుంగ. పక్క వాటాల వాళ్లు ట్రాక్టర్ పిలిచి రోటావేటర్ కొట్టించేద్దాం అంటున్నారు. నాకు కుండీల్లో తప్ప నేల మీద అలవాటు లేదు. వానలు పడేలోపు ఏం చెయ్యాలి, ముందు ఏం వెయ్యాలి? (పాఠకురాలు, మధురవాడ)

జవాబు: అమ్మా, ముందు మీ వాటా వరకైనా ఆ రోటావేటర్ ఆపించండి. నేనూ మొదటి ఏడాది అదే చేశాను, కొట్టించిన రోజు నేల మైదాపిండిలా ఎంత బాగుందో, రెండు వానలు పడ్డాక చూస్తే అంతకుముందు గుంపులు గుంపులుగా ఉన్న తుంగ మడంతా సమానంగా పరిచినట్టు మొలిచింది, ఆ ఏడాది వేసిన బెండ అందులో కనపడనే లేదు.

ఎందుకలా అంటే, ఒక తుంగ మొక్క పక్కన గునపం దించి మట్టి పెళ్ల పైకి లేపి చేత్తో విడదీసి చూడండి. సన్నటి వేరుకి దారానికి పూసలు గుచ్చినట్టు నల్లటి గడ్డలు వరసగా ఉంటాయి, శనగగింజంత. గొలుసుగా ఉన్నంతకాలం వాటిలో చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి, రోటావేటర్ ఆ గొలుసుని ముక్కలు చేస్తే విడిపోయిన ప్రతి గడ్డా లేచి మొక్కవుతుంది. పైన గడ్డి పీకేస్తే పోదు, ప్లాస్టిక్ షీట్ కప్పితే దాన్ని కూడా పొడుచుకుని పైకొస్తుంది.

మీకు కలిసొచ్చేది ఈ ఎండే. 3 సెంట్లంటే 145 గజాలు, ఒక్కసారి అంతా పెట్టుకోకండి, సగమే తీసుకుని పొద్దున్నే చల్లపూట జానెడు లోతు తవ్వి పెళ్లలు తిరగేసి వదిలెయ్యండి, చితక్కొట్టొద్దు. పైకొచ్చిన గడ్డలు ఎండకి వడిలి చచ్చిపోతాయి. రెండు వారాలయ్యాక ఇంకోసారి తిరగేసి కనపడిన గొలుసులు ఏరి బయట పారెయ్యండి, గెత్తం (పశువుల ఎరువు) గుంతలో మాత్రం వెయ్యకండి, అక్కణ్ణుంచి మళ్లీ మడిలోకే వస్తాయి.

మిగతా సగం మీద గడ్డి కోసేసి ఉంచండి, జూన్‌లో వాన పడగానే పైపైన గొప్పుతో గీసి జనుమో జీలుగో, అంటే మట్టిలో కలిపేసే పచ్చిరొట్ట పైరు, చల్లండి, ఒకటిన్నర సెంటుకి పావుకిలో సరిపోతుంది. తుంగ నీడకి ఓర్చుకోలేదు, జనుము ఒత్తుగా లేస్తే కింద అదే నీరసపడుతుంది. 45 రోజులకి పూత మొదలవ్వగానే కోసి అక్కడే మట్టిలో కలిపెయ్యండి, ఎర్రనేలకి కావలసిన సత్తువ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

తవ్విన సగానికి సెంటుకి 100 కిలోల లెక్కన బాగా చివికిన గెత్తం వెయ్యండి. పచ్చిపేడ మాత్రం వద్దే వద్దు, చెదలూ వేరుపురుగూ వస్తాయి. చేత్తో పట్టుకుంటే వేడి తగలకూడదు, వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. మట్టి పరీక్ష చేయిద్దామనుకుంటే ఎరువు వెయ్యకముందే ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి కలిపి అందులోంచి అరకిలో వ్యవసాయ శాఖ ల్యాబ్‌కి ఇవ్వండి.

మొదట తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు చాలు. తోటకూర నెల తిరక్కుండా కోతకొస్తుంది, కొత్తవాళ్లకి ఆ మొదటి కట్ట చేతిలో పడాలండి, అది పడితే మీరిక మడి వదలరు. అందరూ ముందు టమాటా అంటారు గానీ వానల్లో దానికి తెగుళ్లెక్కువ, చలికాలానికి ఉంచుకోండి. మధ్యలో లేచే తుంగ పిలకల్ని వారానికోసారి బొరిగెతో తీస్తూనే ఉండాలి, నాలుగైదు ఆకులు వేసేలోపే, ఆ తర్వాతైతే కింద కొత్త గడ్డ కట్టేస్తుంది.

బీర, ఆనప జనుము కలిపిన సగంలో ఆగస్టు చివర పెట్టుకోవచ్చు, కాకపోతే పందిరి ఎత్తు తగ్గించి వేసుకోండి, గుంజలు మూరన్నర లోతు దించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన వైజాగ్‌ని ఏం చేసిందో చూశాం కదా, ఇక్కడ తుఫాను నెలలూ పందిరి కాపు నెలలూ ఒకటే.