సమాధానం: ఏసీ పాడైన ఇంట్లో కార్న్ స్నేక్‌ని ఎలా కాపాడాలి

డాలస్‌లో మీ ఇంటి ఏసీ పాడై లోపల 92 డిగ్రీల ఫారన్‌హీట్ ఉందనీ, అబ్బాయి పెంచుకుంటున్న కార్న్ స్నేక్ అనే పాము నీళ్ల గిన్నె వదిలి రావట్లేదనీ రాశారు. టెన్షన్ పడకండి, కానీ రేపటిదాకా ఆగొద్దు.

ముందు పాముండే గాజు ట్యాంకుని వెచ్చబెట్టే హీట్ మ్యాట్ ప్లగ్ పీకేయండి. ఇల్లే ఇంత వేడిగా ఉంటే దాంతో పనే లేదు. ఈ పాముకి ట్యాంకులో ఒక పక్క 85-88, రెండో పక్క 75-80 ఉండాలి. చల్లటి మూలే లేకపోతే పాపం అదెక్కడికి పోతుంది? 95 దాటితే ప్రాణం మీదకి రావచ్చు.

నీళ్ల బాటిల్‌ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, టవల్ చుట్టి, ట్యాంకు బయట ఒకవైపు గాజుకి ఆనించండి. లోపల ఐసు వేయొద్దు, పాము మీద చన్నీళ్లు కుమ్మరించొద్దు. మేడ మీద ఉంటే ట్యాంకుని కింది గదిలోకి, ఎండ పడని చోటికి దించండి. ఏసీ బాగయ్యేదాకా ఎలుక పెట్టకండి, ఈ వేడికి తిన్నది కక్కేయొచ్చు.

అన్నట్టు, నీళ్లలో పడుకోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు. గిన్నె అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే అవి మైట్స్, అంటే పాము రక్తం పీల్చే చిన్న పురుగులు; వాటి వైద్యం వేరు. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, వెల్లకిలా పెడితే తిరగలేకపోతున్నా వెంటనే పాముల్ని చూసే వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి వెళ్లండి. పాముని దిండు గలీబులో వేసి, గలీబు మూతి కట్టి, కారు ఏసీతో చల్లబడ్డాకే ఎక్కించండి.