బోర్డు మీద ఆవిడ పేరేదీ?

విజయనగరం గంటస్తంభం దగ్గర పెద్దాడపడుచుతో కలిసి పుస్తకాల దుకాణం నడుపుతున్న ఒక సోదరి రాశారు. ప్రతి రెండో శనివారం సాయంత్రం అక్కడ కథలు చదువుకుంటారు, పుస్తకాలు ఆవిష్కరిస్తారు. మగవాళ్లు రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటున్నారని అత్తగారు ముభావంగా ఉంటున్నారట. సభలు మానేయాలా అన్నది ప్రశ్న.

మానవద్దమ్మా. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించిన ఊళ్లో పదిమంది కూర్చుని కథ చదువుకోవడం తప్పా ఒప్పా అన్న చర్చ అనవసరం. పొద్దుపోతోందనుకుంటే ఎనిమిదికే ముగించండి.

నన్ను ఆపినవి మీరు అలవోకగా రాసి దాటేసిన రెండు సంగతులు. దుకాణం అడ్వాన్సుకు, బీరువాలకు మీ వదినగారి గాజులు, కాసులపేరు బ్యాంకులో తాకట్టు పెట్టారు, ఇంకా విడిపించలేదు. సభ రోజున ‘టీలు, పకోడీలు ఆవిడ చూసుకుంటారు, మైకంటే మొహమాటం’ అన్నారు. ఆహ్వానపత్రంలోనూ బోర్డు మీదా మీ పేరొక్కటే. భర్త పోయి పుట్టింటికి చేరిన కూతురు, పొద్దున్నే షట్టరెత్తి, పార్సిళ్లు విప్పి, ఏ ప్రచురణకర్తకు ఎంత బాకీయో నోటిలెక్కగా చెప్పే మనిషి, తన బంగారంతో పెట్టిన కొట్లో సభ జరుగుతుంటే వెనకగదిలో గ్లాసులు కడుగుతూ కనబడితే కన్నతల్లికి ఎలా ఉంటుంది? ఆ మాట కోడలితో నేరుగా అంటే కూతురికి ఆ ఇంట్లో నిలవనీడ కరువవుతుందన్న భయంతోనే ఆవిడ మగవాళ్ల వంక పెట్టారని నా అనుమానం. ఆడవాళ్ల చాకిరీకి విలువ లేదని చెప్పే కథలు మీ సభల్లో ఎన్ని చదివి ఉంటారో!

మొహమాటమన్న మాట నేను నమ్మను. పుట్టింట్లో ఉంటున్న ఆడపిల్ల తమ్ముడి భార్యను వాటా అడగదు. అడగదని తెలిసీ ఊరుకోవడం అన్యాయం. ముందు భాగస్వామ్య పత్రం రాయించండి. వేరే ఒప్పందం లేనప్పుడు 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం లాభనష్టాలు భాగస్వాములకు సమానం. ఆవిడ బంగారాన్ని, దానికి కడుతున్న వడ్డీని అందులో విడిగా చూపించండి. అది ఆవిడ స్త్రీధనం. ‘ఇంట్లో బంగారమేగా’ అని మీవారన్నా ఒప్పుకోకండి. మీ ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం లోపు బోర్డు మార్పించండి.

వచ్చే రెండో శనివారం టీల పని మీవారికి అప్పగించి, వదినగారిని వేదిక మీద కూర్చోబెట్టి, దుకాణం ఎవరి పెట్టుబడితో మొదలైందో అందరి ముందూ చెప్పండి. అత్తగారినీ తీసుకెళ్లండి. ఆ తరవాత కూడా ఆవిడ తొమ్మిది గంటల మాటెత్తితే నాకు మళ్లీ రాయండి.