ఆరేళ్ల పాత కోడ్‌కు ఇప్పుడు స్టైల్ తనిఖీలు పెట్టవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఎనిమిది మంది డెవలపర్లు, ఆరేళ్లుగా పెరుగుతూ వచ్చిన పైథాన్, జావాస్క్రిప్ట్ కోడ్, ఎవరి రాత వారిది, రివ్యూలలో సగం వ్యాఖ్యలు ఖాళీల గురించి, కొటేషన్ గుర్తుల గురించే. ఇప్పుడు తనిఖీలు పెడితే వేల హెచ్చరికలు వచ్చి పని ఆగిపోతుందేమో, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చరిత్ర పాడవుతుందేమో, సీనియర్లు ఒప్పుకోరేమో అన్నవి మీ భయాలు. చివరగా పైథాన్‌తో మొదలుపెట్టాలా, జావాస్క్రిప్ట్‌తోనా అని కూడా అడిగారు. తనిఖీలు పెట్టవచ్చు. ఇదే పనిని మా టీమ్‌లో ఒకసారి చెడగొట్టి, రెండవసారి సరిగా చేసుకున్నాము కనుక రెండింటినీ చెబుతాను.

2019లో నేను హైదరాబాద్‌లో, పాఠశాలల ఫీజు వసూళ్లకు సంబంధించిన జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన ఒక అప్లికేషన్‌పై పనిచేసేవాడిని. ఒక సోమవారం పైథాన్ కోడ్‌ను తనిఖీ చేసే ఫ్లేక్8ను నేనే దాని మామూలు నియమాలన్నిటితో సీఐలో (ప్రతి మార్పునూ తనంతట తానే పరీక్షించే వ్యవస్థలో) చేర్చి, ఒక్క హెచ్చరిక ఉన్నా బిల్డ్ ఆగిపోయేలా పెట్టాను. నాలుగు వేలకు పైగా హెచ్చరికలు వచ్చాయి. వాటిలో చాలావరకు 79 అక్షరాలు దాటిన లైన్లు. మిగిలినవి కామా తరువాత లేని ఖాళీలు, ఫైల్ చివర ఎక్కువైన ఖాళీ లైన్లు. ఎవరి ఫైళ్లు వారే సరిచేసుకోవాలని నిర్ణయించాము. గడువు నెత్తిమీద ఉన్నవారు ఏం చేస్తారో మావాళ్లూ అదే చేశారు. లైన్ చివర ‘నోక్యూఏ’ అనే వ్యాఖ్య తగిలిస్తే ఫ్లేక్8 ఆ లైన్ జోలికి రాదు కాబట్టి, రెండు వారాలు తిరిగేసరికి ఎక్కడ చూసినా అదే కనిపించసాగింది. నేనూ తగిలించాను.

దాని ఫలితం, మధ్యలో బడి మానేసిన విద్యార్థికి ఫీజు తిరిగి చెల్లించే భాగంలో బయటపడింది. అక్కడ ఒక పొడవైన లైన్‌లో వేరియబుల్ పేరును ఎవరో ఒక అక్షరం తప్పుగా రాశారు. నిర్వచించని పేరు కనిపిస్తే ఫ్లేక్8 ఎఫ్821 అనే హెచ్చరిక ఇస్తుంది. కానీ లైన్ పొడవు గురించి వచ్చే ఇ501ను అణచడానికి పెట్టిన నోక్యూఏ పక్కన ఏ నియమ సంఖ్యా రాయకపోవడం వలన, అది రెండు హెచ్చరికలనూ కలిపి అణచివేసింది. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే నడిచే కోడ్ కావడంతో ఆ తప్పు మా కంట పడలేదు. ఒక పాఠశాల గుమాస్తా కంట పడింది. లైన్ పొడవు మీద పంతానికి పోయి, నిజమైన తప్పును పట్టగలిగే తనిఖీని మేమే మూసివేసుకున్నామన్నమాట.

అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒక్కటే: యంత్రం తానే సరిచేయగలిగిన దాన్ని సరిచేయమని మనిషిని అడగకూడదు. కోడ్ ఆకృతిని దిద్దే ఫార్మాటర్ వేరు, అనుమానించవలసిన కోడ్‌ను చూపించే లింటర్ వేరు. మేము రెండో దానితో మొదటి పని చేయించబోయాము. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాసిన లింట్‌కు బట్టకు అంటుకునే నూగు పేరు పెట్టారు గానీ, అది వెతికింది ఖాళీలను కాదు, కంపైలర్ చూసీచూడనట్టు వదిలేసే పొరపాట్లను. ఆకృతి పనిని గో భాషకు గోఎఫ్ఎంటీ, జావాస్క్రిప్ట్‌కు ప్రెట్టియర్, పైథాన్‌కు 2018లో వచ్చిన బ్లాక్ వంటివి చూసుకుంటాయి, అదీ మనకు ఎంపికలు దాదాపు మిగల్చకుండా. బ్లాక్‌లో లైన్ పొడవు సహజంగా 88. మార్చుకోవచ్చు గానీ, మార్చాలా అని చర్చ మొదలుపెడితే మీ వారం అక్కడే గడిచిపోతుంది. జావాస్క్రిప్ట్ వైపు ఈఎస్‌లింట్ అనే లింటర్ వారు కూడా 2023లో తమ ఆకృతి నియమాలకు కాలం చెల్లిందని ప్రకటించి, ఆ పనికి వేరే పరికరాన్ని వాడుకోమన్నారు.

రెండవసారి మేము ఫ్లేక్8ను పక్కన పెట్టి, ముందుగా మొత్తం కోడ్‌ను ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారిగా నమోదయ్యే మార్పులో) బ్లాక్ చేత దిద్దించాము. ఆ కమిట్‌లో మనిషి చేత్తో చేసిన మార్పు ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. ఉంటే ఆ వేల లైన్ల మధ్య దాన్ని ఎవరూ చూడలేరు. పాత కోడ్ చెడుతుందేమో అన్న అనుమానం టీమ్‌లో ఎవరికైనా ఉంటే ఒక సంగతి చెప్పండి. బ్లాక్ తాను తిరిగి రాసిన కోడ్ సింటాక్స్ ట్రీని, అంటే కోడ్ వాక్య నిర్మాణాన్ని, అసలు కోడ్ ట్రీతో పోల్చి చూస్తుంది. రెండూ సమానం కాకపోతే ఆ ఫైల్‌ను ముట్టుకోకుండా వదిలేస్తుంది.

ఇక ఏ లైన్‌ను ఎవరు ఏ కమిట్‌లో మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్ పక్కనా ఆ ఒక్క కమిటే కనిపిస్తుందన్న మీ భయం ఒకప్పుడు న్యాయమైనదే. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి బ్లేమ్ చూపేటప్పుడు ఫలానా కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్‌లో రాసి పెట్టవచ్చు. ఆ ఫైల్‌కు ‘డాట్ గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్’ అన్న వాడుక పేరే పెడితే గిట్‌హబ్ తనంతట తానే చదువుకుంటుంది; సొంత కంప్యూటర్‌లో మాత్రం ప్రతివారూ గిట్ కాన్ఫిగ్‌లో ఒక లైన్ చేర్చుకోవాలి. ఇక్కడ మేము ఒక చిన్న తప్పు చేశాము: బ్రాంచ్‌లో (పక్కగా పెట్టుకున్న పని ప్రతిలో) ఉన్నప్పటి కమిట్ హ్యాష్‌ను, అంటే దాని గుర్తింపు సంఖ్యను, ఫైల్‌లో రాశాము. స్క్వాష్ చేసి (కమిట్లన్నిటినీ ఒక్కటిగా కుదించి) ప్రధాన బ్రాంచ్ అయిన మెయిన్‌లో కలిపేసరికి హ్యాష్ మారిపోయి, ఆ ఫైల్ ఉన్నా లేనట్టే అయింది. కలిపిన తరువాతే, మెయిన్‌లోని హ్యాష్ చూసి రాయండి.

అసలు ఇబ్బంది అప్పటికే తెరిచి ఉన్న బ్రాంచ్‌లతో వస్తుంది. మేము శుక్రవారం సాయంత్రాన్ని ఎంచుకుని, కలపగలిగినవన్నీ ముందే కలిపేశాము; అయినా మూడు బ్రాంచ్‌లు మిగిలాయి. వాటిని నేరుగా కలపబోతే ప్రతి ఫైల్‌లోనూ ఘర్షణ (కాన్‌ఫ్లిక్ట్) వస్తుంది. ఆకృతి కమిట్‌కు సరిగ్గా ముందున్న మెయిన్ కమిట్‌ను తొలుత బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకోవాలి, అప్పుడు వచ్చే ఘర్షణలు నిజమైనవి కాబట్టి చేత్తో పరిష్కరించుకోవాలి. తరువాత బ్రాంచ్ మీద అదే వెర్షన్ బ్లాక్‌ను నడిపి కమిట్ చేయాలి. ఆపైన ఆకృతి కమిట్‌ను ‘అవర్స్’ వ్యూహంతో మెర్జ్ చేస్తే, మన బ్రాంచ్‌లో ఉన్నది ఉన్నట్టే నిలిచి చరిత్ర మాత్రం కలుస్తుంది. ఇలా చేస్తే ఒక్కో బ్రాంచ్‌కు పది నిమిషాలకు మించలేదు.

‘అదే వెర్షన్’ అన్న మాటను నేను ఊరికే అనలేదు. 2022 జనవరి 29న, శనివారం నాడు, బ్లాక్ తొలి స్థిరమైన విడుదల 22.1.0 వచ్చింది. మా సీఐలో వెర్షన్ సంఖ్యను బిగించి ఉంచలేదు. సోమవారం ఉదయం ఎవరూ ఏమీ మార్చకుండానే బిల్డ్‌లన్నీ ఎర్రబడ్డాయి. కారణం వెతికితే, ఆలస్య రుసుముకు చక్రవడ్డీ లెక్కించే ఫైల్‌లో ఘాతాన్ని సూచించే జంట నక్షత్రాలకు ఇరువైపులా ఉన్న ఖాళీలు. చిన్న పదాల మధ్య ఆ ఖాళీలను తీసేయాలని కొత్త విడుదల నిర్ణయించింది. బ్లాక్ తన శైలిని ఏడాదికొకసారి, సాధారణంగా ఏడాది మొదట్లో మారుస్తుంది. కాబట్టి కమిట్‌కు ముందు తనిఖీలు నడిపే ప్రీ-కమిట్ ఫైల్‌లోనూ సీఐలోనూ ఒకే సంఖ్యను రాసి, మీకు వీలైన రోజున మీరే పెంచుకోండి. టీమ్‌లో విండోస్ వాడేవారుంటే, లైన్ ముగింపుల సంగతిని గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఇదే సమయంలో తేల్చేయండి.

ఆకృతి గొడవ వదిలాక లింటర్‌ను తిరిగి తెచ్చాము, కానీ ఈసారి గుప్పెడు నియమాలతోనే: నిర్వచించని పేరు, ఏ లోపాన్నిపడితే దాన్ని పట్టేసే ఎక్సెప్ట్, ఫంక్షన్ డిఫాల్ట్ విలువగా ఖాళీ లిస్ట్‌ను పెట్టడం, వాడని ఇంపోర్ట్. ఇక నోక్యూఏ పెట్టాలంటే పక్కన నియమ సంఖ్య ఉండి తీరాలి.

ఈ నాలుగింటిలో చివరిదానితో జాగ్రత్త. జాంగోలో ‘యాప్స్’ ఫైల్‌లోని ‘రెడీ’ ఫంక్షన్‌లో ఒక సంఘటన జరగగానే నడవవలసిన కోడ్ ఉండే సిగ్నల్స్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయడం పరిపాటి. ఆ పేరును తరువాత ఎక్కడా వాడము, ఇంపోర్ట్ కావడమే దాని పని. లింటర్‌కు అది దండగ లైన్‌లా కనిపిస్తుంది. తానే సరిచేసే ఎంపికను నేను ఆన్ చేసి ఉంచడంతో ఆ లైన్ మాయమైంది, టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, తల్లిదండ్రులకు వెళ్ళవలసిన రశీదు ఎస్ఎంఎస్‌లు మాత్రం రెండు రోజుల పాటు వెళ్ళలేదు. ఆకృతిని యంత్రానికి పూర్తిగా అప్పగించండి. ఇంపోర్ట్ తొలగింపు వంటి, కోడ్ నడవడికను మార్చగల దిద్దుబాట్లను మాత్రం డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) చూసి ఒప్పుకోండి.

మీ అప్లికేషన్‌లో తెలుగు సందేశాలు కోడ్‌లోనే ఉంటే ఇంకొక చిక్కు ఎదురవుతుంది. ఫ్లేక్8 లైన్ పొడవును యూనికోడ్ సంకేతాల సంఖ్యతో కొలుస్తుంది. ‘క్షేత్రం’ అన్న మాట మన కంటికి రెండక్షరాలు. దాని లెక్కలో క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న కలిసి ఎనిమిది. తెరపై సగం కూడా నిండని రశీదు వాక్యానికి ఇ501 వచ్చేది ఇందుకే. బ్లాక్ పొడవైన స్ట్రింగ్‌లను మామూలుగా విడగొట్టదు, కాబట్టి ఈ హెచ్చరికను అదీ తీర్చదు. మేము ఇ501ను పూర్తిగా ఆపేసి, సందేశాలను మెల్లగా అనువాద ఫైళ్లలోకి తరలించాము. ఆ పని ఎప్పుడో చేయవలసింది.

సీనియర్ల విషయానికి వస్తే, మా దగ్గర పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఒక పెద్దాయన ఒంటి కొటేషన్ గుర్తులు తప్ప వాడేవారు కాదు. బ్లాక్ వాటన్నిటినీ జంట గుర్తులుగా మార్చేసింది. ‘ఇది నా కోడ్‌లా లేదు’ అని రెండు వారాలు గొణిగారు. గోఎఫ్ఎంటీ శైలి ఎవరికీ ఇష్టం ఉండదు, గోఎఫ్ఎంటీ మాత్రం అందరికీ ఇష్టమే అని గో భాష సృష్టికర్తలలో ఒకరైన రాబ్ పైక్ అన్న మాట చెబితే నవ్వి ఊరుకున్నారు. ఆయనను మార్చింది ఆ మాట కాదు, రివ్యూలు. అంతకుముందు నా కోడ్‌కు ఆయన రాసే పది వ్యాఖ్యలలో ఏడు ఖాళీల మీదే ఉండేవి. ఆ నెలలో ఒక రివ్యూలో మూడే రాశారు, అందులో ఒకటి ఒకే ఫీజును రెండుసార్లు వసూలు చేయగల రేస్ కండిషన్ (రెండు పనులు ఒకేసారి నడిచి ఢీకొనే లోపం) గురించి.

ఇదంతా అందం కోసమే కదా అనేవారికి 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిచేసిన ‘గోటూ ఫెయిల్’ లోపాన్ని చూపించండి. ఇఫ్ కింద ఉండవలసిన ఒకే లైన్ పొరపాటున రెండుసార్లు పడింది, బ్రేసులు లేవు. రెండవది ఇఫ్‌కు చెందకపోయినా, అదే ఇండెంటేషన్‌తో ఉండి చెందినట్టే కనిపించింది, దాంతో ఎస్ఎస్ఎల్ సంతకం తనిఖీ జరగకుండానే దాటిపోయేది. ఫార్మాటర్ నడిపి ఉంటే ఆ రెండవ లైన్ ఎడమవైపుకు జరిగి, డిఫ్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేది. 2016లో వచ్చిన సీ కంపైలర్ జీసీసీ 6లో తప్పుదోవ పట్టించే ఇండెంటేషన్‌కు ప్రత్యేకంగా ఒక హెచ్చరికే చేర్చారు.

చివరి ప్రశ్నకు నా జవాబు: జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం అటువైపు ఫైళ్లు తక్కువ, తెరిచి ఉన్న బ్రాంచ్‌లు రెండే. ప్రెట్టియర్‌తో ఒక పూట పని. మినిఫై చేసిన (పరిమాణం తగ్గించడానికి కుదించిన) ఫైళ్లు, బయటి లైబ్రరీల ఫోల్డర్‌ను ముందుగానే మినహాయించండి. పైథాన్ వంతు వచ్చినప్పుడు డేటాబేస్ నిర్మాణ మార్పులు ఉండే మైగ్రేషన్ ఫైళ్లను కూడా వదిలేయండి, వాటిని జాంగోయే రాస్తుంది, మనం చదివేది అరుదు. ఈ రోజు కొత్తగా పెట్టుకునేవారికి ఫ్లేక్8, బ్లాక్ రెండింటి పనినీ రఫ్ అనే పరికరం ఒక్కటే, చాలా వేగంగా చేస్తుంది. మేమూ నిరుడు దానికే మారాము. నియమాల జాబితా మాత్రం పైన చెప్పిన ఆ నాలుగే.