టెక్ సందేహాలు: డ్యూటీకీ అదే ఫోన్, సినిమాకూ అదే ఫోన్

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒక్కచోటే తిరిగాయి. ఆఫీసు పని, ఇంటి ముచ్చట్లు, వినోదం అన్నీ ఒకే ఫోన్‌లో కలిసిపోయి ఇబ్బంది పెడుతున్నాయని రాశారు. రెండో ఫోన్ కొనుక్కోమని చెప్పడం తేలికే గానీ చాలామందికి దాని అవసరం లేదు. ఉన్న ఫోన్‌లోనే గోడ ఎక్కడ కట్టాలో చూద్దాం.

ప్రశ్న: మందుల కంపెనీల రెప్‌గా చేస్తున్న. కొత్త మేనేజర్ వచ్చి అటెండెన్స్ యాప్, కంపెనీ మెయిల్ రెండూ నా సొంత ఫోన్‌లనే వేసుకోమంటున్నడు. వేస్తే నా ఫోటోలు, వాట్సాప్ వాళ్లకు కనబడతయా? డ్యూటీ అయినంక కూడా నేను యాడున్ననో చూస్తరా?
— మెడికల్ రెప్, హనుమకొండ

ఆ రెండూ మీ ఫోన్‌లోకి ఏ దారిన వస్తున్నాయన్నదే ఇక్కడ అసలు సంగతి.

అన్నిటికంటే మంచి దారి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే వర్క్ ప్రొఫైల్. కంపెనీ ఐటీ వాళ్లు ఒక లింకో క్యూఆర్ కోడో పంపుతారు. దాంతో ఫోన్‌లో వేరే అర ఒకటి తయారవుతుంది. యాప్‌ల జాబితాలో ‘పర్సనల్’, ‘వర్క్’ అని రెండు ట్యాబ్‌లు వస్తాయి. వర్క్ యాప్‌ల గుర్తు మీద చిన్న బ్రీఫ్‌కేస్ బొమ్మ ఉంటుంది. ఫోన్ మీ సొంతమైనప్పుడు కంపెనీ పెత్తనం ఆ అర వరకే. మీ గ్యాలరీ, మీ వాట్సాప్, మీరు వేసుకున్న ఆటలు వాళ్లకు కనిపించవు. రేపు మీరు ఉద్యోగం మానేస్తే వాళ్లు అక్కడి నుంచే ఆ అరను చెరిపేయగలరు, మిగతా ఫోన్‌ను ముట్టుకోలేరు. ఫోన్‌కు గట్టి పిన్ పెట్టుకోమని మాత్రం బలవంతం చేయగలరు. అది మీకూ మంచిదే.

డ్యూటీ దిగాక నోటిఫికేషన్ తెరను కిందికి లాగి ‘వర్క్ యాప్స్’ బటన్ నొక్కండి. ఆ అరలోని యాప్‌లన్నీ నిద్రపోతాయి. మెయిల్ మోగదు, అటెండెన్స్ యాప్ నడవదు, కాబట్టి లొకేషనూ పోదు. పొద్దున మళ్లీ నొక్కితే లేస్తాయి.

రెండో దారిలో, మామూలు మెయిల్ యాప్‌లో కంపెనీ ఖాతా కలుపుతుండగా ‘డివైస్ అడ్మిన్ యాప్‌ను యాక్టివేట్ చేయాలా?’ అని ఒక తెర వస్తుంది. అందరూ చదవకుండా నొక్కేసేది ఇదే. అందులో ‘ఎరేజ్ ఆల్ డేటా’ అనే వరుస ఉందేమో చూడండి. ఉంటే మొత్తం ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసే అధికారాన్ని మీరే రాసిచ్చినట్టు. పిల్లల ఫోటోలూ దాంతోపాటే పోతాయి. ఇప్పటికే నొక్కేసి ఉంటే సెట్టింగ్స్‌లో పైన ‘డివైస్ అడ్మిన్’ అని వెతకండి. అక్కడ ఆ యాప్ పక్కన బటన్ ఆన్‌లో కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే మెయిల్ ఆగిపోవచ్చు. అప్పుడు వర్క్ ప్రొఫైల్ ఇమ్మని ఐటీ వాళ్లను అడగండి, లేదంటే ఆఫీసు మెయిల్‌ను బ్రౌజర్‌లోనే చూసుకోండి.

మూడో దారి మన దగ్గర మామూలే: మేనేజర్ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైల్) పంపి ‘వేసేయ్’ అనడం. ముందుగా అది ప్లే స్టోర్‌లో ఉందేమో అడగండి. తప్పక వేయాల్సి వస్తే లొకేషన్‌కు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నదే ఎంచుకోండి. ‘ఎప్పుడూ’ అన్నది ఇస్తే రాత్రి మీరు సినిమా హాల్లో ఉన్నా వాళ్ల మ్యాప్ మీద మీ చుక్క పడుతూనే ఉంటుంది. హాజరు వేయడానికి కెమెరా, లొకేషన్ చాలు. కాంటాక్టులు, ఎస్ఎంఎస్ అడిగితే ఇవ్వకండి. ఎస్ఎంఎస్‌లు చదవనిస్తే మీ బ్యాంకు ఓటీపీలు చదవనిచ్చినట్టే. యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదివి, మీ బదులు నొక్కే అధికారం) అడిగిందంటే ఆ యాప్‌ను అక్కడే తీసేయండి. హాజరుకు దానితో పనే లేదు.

మీరు అడగలేదు గానీ, రెప్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. డాక్టర్లవి, మెడికల్ షాపులవి నంబర్లు ఏ ఖాతాలోకి పోతున్నాయో చూసుకోరు. కంపెనీ ఖాతాలో సేవ్ అయితే ఆ ఖాతాతోపాటే మాయమవుతాయి. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో ‘కొత్త కాంటాక్టులకు డిఫాల్ట్ ఖాతా’ అని ఉంటుంది. మీ సొంతానివి సొంత జీమెయిల్‌లోకి పోయేలా ఈ రోజే మార్చండి. ఇంకొక్కటి: షెల్టర్, ఐలాండ్ లాంటి యాప్‌లతో సొంతంగా ఇలాంటి అర కట్టుకునేవాళ్లు ఉన్నారు. మామూలుగా ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ ఒక్కటే పడుతుంది. మీరు ముందే కట్టుకుంటే కంపెనీది ఎక్కదు.

ప్రశ్న: అడ్తి దుకాణం మాది. రైతులు, వ్యాపారులు పంపే మిర్చి ఫోటోలతోని గ్యాలరీ నిండిపోతున్నది, ఇంట్లోళ్ల ఫోటో వెతకాల్నంటే అరగంట పడుతున్నది. 128 జీబీ ఫోన్ అయినా ‘స్టోరేజ్ ఫుల్’ వస్తున్నది. ఇంకోటి, ఒక సిమ్‌ల మాట్లాడుతుంటే రెండో నంబర్ స్విచాఫ్ వస్తున్నదని రైతులు కోపానికొస్తున్నరు.
— కమీషన్ ఏజెంట్, ఏనుమాముల మార్కెట్

దుకాణం నంబర్‌ను వాట్సాప్ బిజినెస్‌లోకి మార్చండి. అది వేరే యాప్, ఉచితమే. ముందు పాత వాట్సాప్‌లో బ్యాకప్ తీసుకోండి. తర్వాత బిజినెస్ యాప్ వేసి దుకాణం నంబర్ ఇస్తే అదే ఫోన్‌లోని పాత చాట్లను తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. ఇంటి నంబర్ మామూలు వాట్సాప్‌లో ఉంచండి. బిజినెస్‌లో ‘అవే మెసేజ్’ పెట్టి దుకాణం వేళలు రాస్తే, రాత్రి ధర అడిగినవాళ్లకు జవాబు దానంతట అదే పోతుంది. వాట్సాప్‌కు నకళ్లుగా తిరిగే, రంగు గుర్తుల జీబీ వాట్సాప్ లాంటివి మాత్రం వేయకండి, నంబరే బ్యాన్ కావచ్చు.

ఇక గ్యాలరీ. బిజినెస్ యాప్ సెట్టింగ్స్‌లో ‘చాట్స్’ లోపల ‘మీడియా విజిబిలిటీ’ ఆపేయండి. ఇకపై వచ్చే మిర్చి ఫోటోలు చాట్‌లోనే ఉంటాయి, గ్యాలరీలోకి రావు. పాతవి అక్కడే ఉంటాయి, వాటిని మీరే తీయాలి. ‘స్టోరేజ్ అండ్ డేటా’లో మొబైల్ డేటా మీద వీడియోల ఆటో డౌన్‌లోడ్ టిక్కులు తీసేయండి. ఆ పక్కనే ‘మేనేజ్ స్టోరేజ్’ నొక్కితే 5 ఎంబీ దాటినవి ఒకచోట, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట కనిపిస్తాయి. అక్కడి నుంచి తీయడం మొదలుపెడితే గుడ్ మార్నింగ్ వీడియోలే జీబీలకు జీబీలు బయటపడతాయి. ఇంకో దొంగ ఉన్నాడు: మీరు పంపిన ప్రతి ఫోటో ‘సెంట్’ అనే ఫోల్డర్‌లో ఇంకో కాపీగా పడి ఉంటుంది. ఫైల్స్ యాప్‌లో వాట్సాప్ మీడియా ఫోల్డర్ తెరిచి, ఇమేజెస్ లోపల చూడండి. ఒకే తేజ మిర్చి కుప్పను పదిమందికి చూపించే వ్యాపారంలో ఇది ఊరికే పెరుగుతుంది.

బ్యాకప్‌లు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకొస్తాయి. జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే ఉంటాయి. దుకాణం బ్యాకప్‌కు దుకాణం పేరు మీద ఇంకో జీమెయిల్ పెట్టండి. అన్నట్టు, కాయ రంగు సరిగ్గా కనపడాలంటే ఫోటో పంపేటప్పుడు పైనున్న ‘హెచ్‌డీ’ గుర్తు నొక్కండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, చపాటా మిర్చి తొక్క మీది ముడతలు కలిసిపోతాయి.

స్విచాఫ్ సంగతి: చాలా ఫోన్లలో సిమ్‌లు రెండైనా రేడియో ఒక్కటే. ఒక సిమ్ కాల్‌లో ఉన్నప్పుడు రెండోది టవర్‌కు దొరకదు. దీనికి మందు కాల్ ఫార్వర్డింగ్. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో మొదటి సిమ్ ఎంచుకుని, ‘అందుబాటులో లేనప్పుడు’ అన్నచోట రెండో సిమ్ నంబర్ ఇవ్వండి. రెండో సిమ్‌కు మొదటిది ఇవ్వండి. రెండింటికీ కాల్ వెయిటింగ్ ఆన్ చేయండి. ఇప్పుడు మాట్లాడుతుండగా రెండో నంబర్‌కు వచ్చిన కాల్ వెయిటింగ్‌లో వినిపిస్తుంది. కొన్ని సామ్‌సంగ్ ఫోన్లలో సిమ్ మేనేజర్ లోపల ‘డ్యూయల్ సిమ్ ఆల్వేస్ ఆన్’ అని ఈ పని చేసే బటనే ఉంది. ఇదే ఫార్వర్డింగ్‌ను మోసగాళ్లూ వాడుకుంటారు. కొరియర్ వాళ్లమనో ఇంకోటనో చెప్పి, స్టార్ గుర్తుతో మొదలయ్యే కోడ్ వెంట ఒక ఫోన్ నంబర్ కొట్టమంటే కొట్టకండి. అప్పటి నుంచి మీ కాల్స్, కాల్‌లో వచ్చే ఓటీపీలు వాళ్లకు పోతాయి. పొరపాటున కొట్టి ఉంటే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. ఆ తర్వాత మీ రెండు సిమ్‌ల ఏర్పాటు మళ్లీ చేసుకోవాలి.

ప్రశ్న: రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ అప్ అండ్ డౌన్. పొద్దున రైలులో లాప్‌టాప్‌కు హాట్‌స్పాట్, సాయంత్రం సిరీస్‌లు. ఎక్కేటప్పుడు 100 ఉన్న చార్జ్ దిగేసరికి సగమైతున్నది. ఫోన్ పెనంలా కాలుతున్నది. బ్యాటరీ పోయినట్టేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాజీపేట

బ్యాటరీ మీద అప్పుడే అనుమానం వద్దు. రైలులో ఫోన్ టవర్ తర్వాత టవర్ పట్టుకుంటూ పోతుంది. సిగ్నల్ పలచబడ్డ కొద్దీ గట్టిగా అరవాల్సి వస్తుంది, అంటే ఎక్కువ పవర్‌తో ప్రసారం చేస్తుంది. మధ్యమధ్య 5జీ దొరకడం, జారిపోవడం ఇంకో భారం. దాని మీద హాట్‌స్పాట్. రైలెక్కగానే సిమ్ సెట్టింగ్స్‌లో ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్’ను 4జీకి మార్చి ఒక వారం చూడండి.

హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ టెథరింగ్ వాడండి. డేటా వచ్చే కేబుల్‌తో ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే ఉన్న ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. వైఫై ప్రసారం ఉండదు కాబట్టి వేడి తగ్గుతుంది, పైగా లాప్‌టాప్ నుంచి చార్జూ ఎక్కుతుంది. ఆ బటన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే కేబుల్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం అన్నమాట.

లాప్‌టాప్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయడం మరవకండి. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ పేరు మీద నొక్కితే కనిపిస్తుంది. లేదంటే విండోస్ మీ హాట్‌స్పాట్‌ను ఇంటి వైఫై అనుకుని, జనగామ దాటకముందే అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది. సిరీస్‌లు ఇంటి వైఫై మీద రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సాయంత్రం ఫ్లైట్ మోడ్‌లోనూ చూడొచ్చు. తేడా మీకే తెలుస్తుంది.

పవర్ బ్యాంక్ కొంటే, 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది ఫోన్‌కు అంతా ఇవ్వదు. ఆ లెక్క లోపలి సెల్స్‌ది, 3.7 వోల్టుల దగ్గరది. 5 వోల్టులకు మార్చేటప్పుడు, వేడిలో పోయింది పోగా 6,000 అటూఇటూ మిగులుతుంది. దాని వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని రాసేది అదే.

ప్రశ్న: సర్క్యులర్లు, నివేదికలు వర్డ్ ఫైల్‌గా వాట్సాప్‌లో వస్తాయి. ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఫోన్ మార్చాలా?
— ఉపాధ్యాయురాలు, హుజూరాబాద్

ఫోన్‌లో తప్పేమీ లేదు మేడం. అది డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన ఫైల్ అయి ఉంటుంది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఫైల్‌లో ఉన్నది ఇంగ్లిష్ అక్షరమే, దానికి తెలుగు వేషం వేసేది ఫాంట్. మీ ఫోన్‌లో ఆ ఫాంట్ లేదు కాబట్టి వేషం ఊడిపోయి కనిపిస్తోంది. యూనికోడ్‌లో అలా కాదు, ‘అ’కు 3077, ‘క’కు 3093 అని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, అందుకే ఏ ఫోన్‌లోనైనా చదవగలం.

పంపేవాళ్లను వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ పంపమనండి. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా ఇమిడి వస్తుంది, చదవడానికి ఇబ్బంది ఉండదు. అందులోని మాటలు కాపీ చేసి గ్రూపులో పెట్టాలంటే మాత్రం మళ్లీ పిచ్చి గుర్తులే వస్తాయి. అప్పుడు ఆ పేజీని ఫోటోగా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఒత్తులు, తేదీలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మా పాప యూట్యూబ్‌ల బొమ్మలు చూసుకుంట చూసుకుంట మా పైఆఫీసర్ సారుకు వీడియో కాల్ చేసింది.
— పంచాయతీ కార్యదర్శి, ములుగు జిల్లా

సెట్టింగ్స్‌లో ‘యాప్ పిన్నింగ్’ అని వెతికి ఆన్ చేయండి. కిందే ఉన్న ‘తీసేముందు పిన్ అడుగు’ అన్నదీ ఆన్ చేయండి. యూట్యూబ్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లోకి పోయి, దాని గుర్తు మీద నొక్కి ‘పిన్’ ఎంచుకుంటే పాప ఆ యాప్ దాటి బయటికి రాలేదు. ఐఫోన్‌లో ‘గైడెడ్ యాక్సెస్’ ఇదే పని చేస్తుంది.

ప్రశ్న: కలెక్షన్ పని మీద రోజంతా ఊర్లు తిరుగుతా. మ్యాప్ కోసం ఫోన్‌ను బండి హ్యాండిల్‌కు హోల్డర్‌లో పెడతా. ఇప్పుడు కెమెరా తెరిస్తే బొమ్మ వణుకుతున్నది, ఫోకస్ పడతలేదు. మధ్యాహ్నం చార్జింగ్ కూడా ఆగిపోతున్నది.
— ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగి, రామగుండం

చేయి వణికినా ఫోటో చెదరకుండా ఉండేందుకు కొన్ని ఫోన్ల కెమెరాలో లెన్సు గానీ సెన్సర్ గానీ కదులుతుంటుంది. బండి ఇంజిన్ ఊపు హ్యాండిల్ మీదుగా నేరుగా దానికే చేరుతుంది. ఐఫోన్లను బైకులకు నేరుగా బిగించొద్దని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది, ఇలాంటి కెమెరా ఉన్న ఏ ఫోన్‌కైనా అదే వర్తిస్తుంది. 1ఎక్స్‌లో వణికి, అల్ట్రావైడ్ కెమెరాలో నిలకడగా ఉంటే చెడింది ఆ ఒక్క కెమెరానే. సాఫ్ట్‌వేర్ రీసెట్‌తో బాగుకాదు, మెయిన్ కెమెరా మాడ్యూల్ మార్చాల్సిందే.

చార్జింగ్ ఆగడం రోగం కాదు, ఫోన్ తనను తాను కాపాడుకోవడం. ఫోన్లు 35 డిగ్రీల లోపు గాలిలో వాడేందుకు తయారైనవి, మీ దగ్గర ఎండాకాలం 45 కూడా చూస్తుంది. ఎండలో మ్యాప్, ఫుల్ బ్రైట్‌నెస్, చార్జింగ్ మూడూ కలిపి పెట్టకండి. ఫోన్ జేబులో పెట్టుకుని, ఒక చెవికి మాత్రమే బ్లూటూత్ పెట్టి దారి మాటల్లో వినండి. వేడెక్కిన ఫోన్‌ను చల్లబరచాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది. కవర్ తీసి నీడలో పది నిమిషాలు ఉంచితే చార్జింగ్ దానంతట అదే మొదలవుతుంది.