ఉదయగిరి గుట్టల్లో సైకిలు తొక్కడానికి ముఖమంతా కప్పే హెల్మెట్ కావాలా?

మీరు అడిగినది ఇది: నెల్లూరులో ఉంటున్నారు, కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నారు. వారంలో నాలుగైదు రోజులు కాలువకట్టల మీద తొక్కి, నెలకు రెండు ఆదివారాలు సైకిలును కారులో వేసుకొని ఉదయగిరి వైపు గుట్టలకు వెళ్తున్నారు. కళ్ళద్దాలు వాడతారు. ఇంట్లో మోటారుసైకిలు హెల్మెట్ ఒకటి ఉంది. గడ్డం దాకా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ కొనాలా, ముఖాన్ని వదిలేసి తలను మాత్రమే కప్పే ఓపెన్‌ఫేస్ చాలునా, ఉన్నదానితోనే సరిపెట్టుకోవచ్చా అన్నది మీ సందేహం.

ఎనిమిదేళ్ళుగా నేను తొక్కుతున్నదీ ఈ దారుల్లోనే కాబట్టి, ఈ మూడు రకాలనూ నా తల మీద పెట్టుకొని చూసిన అనుభవంతో చెబుతున్నాను. ఇప్పటికి మీరు ఓపెన్‌ఫేస్ కొనండి, అయితే అందులో గుట్టదారుల కోసం చేసిన రకాన్నే కొనండి. మోటారుసైకిలు హెల్మెట్‌ను సైకిలుకు వాడవద్దు. ఫుల్‌ఫేస్ అవసరం మీకు తర్వాత రావచ్చు, అది ఎప్పుడు వస్తుందో కింద వివరిస్తాను. ఆ అవసరాన్ని గుర్తించడంలో నేను ఆలస్యం చేసినందుకు నా గడ్డం మీద ఐదు కుట్ల గుర్తు మిగిలింది.

మోటారుసైకిలు హెల్మెట్ సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మొదటి వేసవి అంతా నేను చేసిన తప్పు అదే. మంచి ఐఎస్ఐ హెల్మెట్ ఉండగా మళ్ళీ వేలు పోసి ఇంకొకటి ఎందుకన్నది అప్పటి నా లెక్క. దాని బరువు కిలోకు పైనే ఉంటుంది. బండి మీద నిటారుగా కూర్చున్నప్పుడు తెలియని ఆ బరువు, సైకిలు మీద ముందుకు వంగి తల పైకెత్తి చూడవలసి వచ్చేసరికి మెడ వెనుక నరాలను లాగేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు వేడి. బండి నడిపేవాడి ఒంట్లో అంత వేడి పుట్టదు, ఇంజను పని చేస్తుంది. సైకిలు తొక్కేవాడి విషయంలో ఇంజను అతడే. రోహిణి కార్తెలో ఉదయం ఎనిమిదికే ఆత్మకూరు దాటి తొక్కుతున్న నాకు ఒక రోజు కళ్ళు బైర్లు కమ్మి, వేపచెట్టు కింద అరగంట పడుకోవలసి వచ్చింది. మందపాటి మెత్తలు చెవులను మూసేయడంతో వెనుక నుంచి కృష్ణపట్నం రేవుకు వెళ్ళే లారీ దగ్గరికి వచ్చేవరకూ వినిపించకపోవడం ఇంకొక ప్రమాదం. చట్టం హెల్మెట్ అడిగేది మోటారుసైకిలుకే గానీ సైకిలుకు కాదు కాబట్టి, ఇక్కడ ఎంపిక పూర్తిగా మన విచక్షణకే వదిలేసి ఉంది.

ఇక ఓపెన్‌ఫేస్. రోడ్డు సైకిళ్ళ వాళ్ళు పెట్టుకునే పలుచని హెల్మెట్‌కూ, గుట్టదారుల హెల్మెట్‌కూ తేడా ఉంది. రెండవది కణతల దగ్గరా తల వెనుకా ఇంకాస్త కిందికి దిగి ఉంటుంది, ముందు ఎండకు అడ్డుగా చిన్న చూరు ఉంటుంది. బరువు 300 నుంచి 400 గ్రాముల మధ్య ఉంటుంది కనుక గంట తర్వాత తల మీద ఏదో ఉందన్న సంగతే మరిచిపోతాము. వెనుక చిన్న చక్రం తిప్పితే తలకు బిగుసుకుంటుంది. కొనే ముందు దర్జీ టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టుకొలత తీసుకోండి. పెట్టుకున్నప్పుడు అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. మనలో చాలామంది నుదురంతా కనబడేలా వెనక్కి నెట్టి పెట్టుకుంటారు, అలా పెట్టుకుంటే ముందుకు పడినప్పుడు అది ఉన్నా లేనట్టే.

దీనితో నేను నాలుగేళ్ళు హాయిగా తొక్కాను. ఐదో ఏట వానాకాలం వెళ్ళిన కొత్తలో, సీతారామపురం వైపు ఒక బండ్లబాట దిగుతున్నాను. వెలిగొండల కింది దారులు ఎలా ఉంటాయో మీరు చూసే ఉంటారు: పైకి ఎర్రమట్టి, లోపల కత్తి అంచుల్లాంటి రాళ్ళు, ప్రతి వానకూ నీళ్ళు కోసిన కొత్త గాడి. ఎండుగడ్డి కప్పేసిన అలాంటి గాడిలో ముందు చక్రం దిగి ఆగిపోయింది. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. చేతులు అడ్డం పెట్టుకోవచ్చు కదా అని విన్నవాళ్ళందరూ అడుగుతారు. భయపడ్డ చేయి హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుందే తప్ప వదలదు. హ్యాండిల్ మీదుగా తలకిందులై ముందు నుదురు, ఆ వెంటనే గడ్డం రాతికి తగిలాయి. నుదుటి దగ్గర హెల్మెట్ లోపలి థర్మాకోల్ పగిలి తన పని తాను చేసింది. గడ్డానికి అడ్డు ఏమీ లేదు. దగ్గరలో మేకలు కాస్తున్న పెద్దాయన నన్ను లేపి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, "ఏంది సామీ, తలకాయను కాపాడుకొని గడ్డాన్ని గాలికొదిలేసినావే" అన్నాడు. కుట్లు మానేవరకు రెండు వారాలు మజ్జిగన్నమూ రాగిజావా తప్ప ఇంకేమీ నమలలేకపోయాను.

కాబట్టి ఫుల్‌ఫేస్ దేనికన్నది నాకు బాగా తెలుసు: ముందు చక్రం ఆగిపోయి మనిషి హ్యాండిల్ దాటి పడే ప్రమాదానికి. నిటారు దిగుళ్ళు, రాళ్ళమెట్లు, సీటు మీంచి లేచి బరువంతా వెనక్కి వేసి దిగవలసిన చోట్లు, ఇవన్నీ అలాంటి పడటాన్ని పిలిచేవే. కొండ మీంచి వేగంగా కిందికి దిగే డౌన్‌హిల్ పందేలలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఫుల్‌ఫేస్‌ను పందెంలోనూ సాధనలోనూ తప్పనిసరి చేసినది అందుకే. కాలువకట్ట మీద ఆ అవసరం కలగదు.

కుట్లు మానగానే సహజంగానే ఫుల్‌ఫేస్ కొన్నాను. డౌన్‌హిల్ కోసం చేసిన, కిలో పైచిలుకు బరువున్న రకం అది. అదీ నా రెండో తప్పే. మన దగ్గర పైకి చేర్చే కేబుల్ కారు లేదు, జీపు లేదు. దిగే ప్రతి మీటరునూ ముందు తొక్కి ఎక్కవలసిందే. ఎక్కేటప్పుడు మన వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు దాటదు. హెల్మెట్‌కు ఎన్ని రంధ్రాలు ఉన్నా వాటిలోంచి గాలి ఆడాలంటే వేగం ఉండాలి. ఆ నడక వేగంలో వదిలిన ఊపిరి గడ్డం దగ్గరి అడ్డుకు తగిలి మళ్ళీ ముఖం మీదికే వస్తుంది. పది నిమిషాలకు తీసి హ్యాండిల్‌కు తగిలించేవాణ్ణి, అది ఊగుతూ మోకాలికి కొట్టుకొనేది. నా తల మీద కంటే హ్యాండిల్ మీదనే ఆ హెల్మెట్ ఎక్కువ గంటలు గడిపింది. ఎక్కుతూ కూడా పడతాము, హెల్మెట్ లేని తలతో పడితే పరిణామం గడ్డం గాయంతో పోయేది కాదు. మన వేసవిని లెక్కలోకి తీసుకోకుండా ఎక్కడో చలిదేశపు కొండల వాళ్ళు ఇచ్చే సలహాను పాటించడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

ఆ తర్వాత నేను స్థిరపడినది గడ్డం భాగాన్ని ఊడదీసి మళ్ళీ బిగించుకోగల రకం దగ్గర. బెల్ కంపెనీ సూపర్ డీహెచ్ అలాంటిదే. ఎక్కేటప్పుడు గడ్డం భాగాన్ని సంచికి కట్టుకుంటే మిగిలినది ఓపెన్‌ఫేస్ లాగే పనిచేస్తుంది, పైకి చేరాక బిగించుకొని దిగవచ్చు. ధర మాత్రం చిన్నది కాదు, నాకు సైకిలు ఖరీదులో మూడో వంతు అయింది. గడ్డం భాగం ఊడిరానిదైనా రంధ్రాలు విస్తారంగా ఉండి తేలికగా ఉండే ఫాక్స్ ప్రోఫ్రేమ్ వంటి ఫుల్‌ఫేస్‌లు కూడా ఉన్నాయి. శీతాకాలంలో అవి భరించదగినవే గానీ మార్చి తర్వాత వాటితో ఎక్కడాన్ని నేను సిఫారసు చేయను.

హెల్మెట్ లోపల అంటించిన చీటీని చదవడం మరచిపోవద్దు, ఇది దుకాణం వాళ్ళు చెప్పని సంగతి. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1078 మామూలు సైకిలు హెల్మెట్లకు వర్తిస్తుంది. అందులో హెల్మెట్‌ను దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి చదును ఇనుము మీదికి వదులుతారు, కానీ గడ్డం భాగాన్ని పరీక్షించరు. అంటే ఆ ఒక్క ముద్ర మాత్రమే ఉన్న ఫుల్‌ఫేస్‌లో గడ్డం భాగం ఎంత గట్టిదో ఆ ముద్ర చెప్పదు. ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 అన్న అమెరికా ప్రమాణపు ముద్ర డౌన్‌హిల్ హెల్మెట్ల కోసం ఉద్దేశించినది, అందులో గడ్డం భాగానికి వేరే పరీక్ష ఉంది. నేను పైన చెప్పిన సూపర్ డీహెచ్‌కు అది ఉంది, గడ్డం భాగం ఊడివచ్చేదే అయిన అదే కంపెనీ సూపర్ 3ఆర్‌కు లేదు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. ఎంఐపీఎస్ అని పసుపు గుర్తు ఉంటే, ఏటవాలుగా తగిలిన దెబ్బకు తల మెలితిరగకుండా లోపలి పొర సుమారు పది, పదిహేను మిల్లీమీటర్లు జరుగుతుందని అర్థం. స్వీడన్‌లో పుట్టిన ఆ ఏర్పాటు ఓపెన్‌ఫేస్‌లలో కూడా దొరుకుతుంది, కొంచెం ఎక్కువైనా పెట్టదగిన ఖర్చే.

మీ కళ్ళద్దాల గురించి ఒక మాట. ఫుల్‌ఫేస్‌లో ముందు అద్దాలు తీసి, హెల్మెట్ పెట్టుకొని, ఆ తర్వాత సందులోంచి అద్దాల కాళ్ళను దూర్చాలి. చెంపమెత్తలు బిగుతుగా ఉంటేనే హెల్మెట్ నిలుస్తుంది, అవి బిగుతుగా ఉంటే కాళ్ళు కణతలకు నొక్కుకుంటాయి. మీ అద్దాలతోనే దుకాణానికి వెళ్ళి పావుగంట పెట్టుకొని కూర్చోండి, నేను దీనికోసమే చెన్నై వరకు వెళ్ళాను. చిల్లకంప కొమ్మలు కళ్ళలో గుచ్చుకుంటాయని ఫుల్‌ఫేస్ కొందామనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. కళ్ళ దగ్గర అది తెరిచే ఉంటుంది, ముళ్ళను ఆపేది కళ్ళద్దమో గాగుల్సో మాత్రమే.

మీ తొక్కుడు ఇప్పుడున్న తీరులోనే సాగితే ఓపెన్‌ఫేస్ ఒక్కటే చాలు. దిగుడులో బ్రేకు వదిలేయడం మీకు సరదాగా అనిపించడం మొదలైనప్పుడు, లేదా దిగి నడిపించవలసిన చోట కూడా తొక్కుకుంటూ దిగుతున్నప్పుడు, గడ్డం భాగం ఉన్నదానికి డబ్బు పక్కన పెట్టండి. పెంచలకోన వైపు వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడి అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం పరిధిలోనిదని గుర్తుంచుకొని, అటవీశాఖ అనుమతి అడిగి వెళ్ళండి.

ఏది కొన్నా, ఒకసారి గట్టిగా పడ్డాక దాన్ని పారవేయవలసిందే. లోపలి థర్మాకోల్ నురుగు నలిగితే తిరిగి పొంగదు, పైపెంకు మీద గీత కూడా కనబడకపోవచ్చు. పగిలిన నా పాత హెల్మెట్‌ను ఎవరూ పొరపాటున పెట్టుకోకుండా పట్టీలు కోసి పారేశాను. ఎండలో నిలిపిన కారులో కూడా హెల్మెట్‌ను వదలకండి, మన మే నెల వేడికి అది దెబ్బతినవచ్చు.